ఇంగ్లీష్ క్లాసులో పుస్తక చర్చ: పిల్లలు తెలుగులో మాట్లాడితే ఆపాలా?

ఇంగ్లీష్ టీచర్, గుంటూరు:
మాది చిన్న సీబీఎస్‌ఈ బడి. పదో తరగతిలో 38 మంది. శుక్రవారం చివరి పీరియడ్‌లో ఐదారుగురిని ఒక గ్రూపుగా కూర్చోబెట్టి, చదివిన కథ మీద మాట్లాడిస్తున్నాను. మొదటి నెల ఇంగ్లీష్‌లోనే మాట్లాడాలని రూల్ పెట్టాను. గ్రూపుకి ఒకరిద్దరే మాట్లాడేవారు, మిగతావాళ్ళు తల వంచుకుని కూర్చునేవారు. రూల్ తీసేశాను. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు, కానీ ముప్పాతిక వంతు తెలుగే. మొన్న రౌండ్స్‌కి వచ్చిన మా ప్రిన్సిపాల్ “ఇది ఏ భాష క్లాసండీ?” అన్నారు. ఆపకూడదనే నా అభిప్రాయం. మీరేమంటారు?

ఖమ్మం మాస్టారు:
మేడం, ఏమీ అనుకోకండి, నేను ఒప్పుకోను. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బస్సులో తెలుగు, ఆటలో తెలుగు. ఇంగ్లీష్ మాట్లాడే అవసరం పడేది ఆ 40 నిమిషాల్లోనే. అది కూడా వదిలేస్తే ఇంకెక్కడ మాట్లాడతారు? సీబీఎస్‌ఈ ఇంటర్నల్స్‌లో వినడానికీ మాట్లాడటానికీ 5 మార్కులు ఉన్నాయి కదా.

మార్కుల సంగతి అలా ఉంచండి. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రతిదానికీ జవాబు తెలుసు, నోరు పెగల్లేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. నా దగ్గర చదివిన పిల్లవాడు అలా కూర్చోకూడదు. అందుకే నా క్లాసులో తప్పో ఒప్పో ఇంగ్లీషే.

గుంటూరు టీచర్:
మాస్టారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ మా క్లాసులో జరిగింది కూడా వినండి.

కథ ఫ్రెంచ్ రచయిత మపాసా రాసిన ‘ది నెక్లెస్’. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకున్న హారం పోతుంది. మొగుడూ పెళ్ళాం 36,000 ఫ్రాంకులు పోసి అలాంటిదే కొనిచ్చి, పదేళ్ళు ఆ అప్పు తీరుస్తారు. తీరా చూస్తే పోయింది గిల్టు నగ, 500 కూడా మించదు. ఒక గ్రూపులో మొత్తం సొమ్ము అప్పేనా కాదా అని గొడవ పడ్డారు. “పుస్తకంలో చూపించు” అన్నాను. ఒకడు వెతికి, మొగుడి దగ్గర అతని తండ్రి వదిలివెళ్ళిన 18,000 ఉన్నాయని చెప్పి, ఆ కింది వాక్యం చదివాడు: “హీ బారోడ్ ద రెస్ట్.” పక్కవాడు వెంటనే, “రెస్ట్ అంటే విశ్రాంతి కదరా, దాన్ని అప్పు తెచ్చుకోవడమేంటి?” అన్నాడు. “కాదురా, మిగతాది.” ఇంగ్లీష్ రూలే ఉండి ఉంటే ఆ పిల్లవాడు ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. తప్పు అర్థంతోనే ఇంటికి వెళ్ళేవాడు.

అదే గ్రూపులో ఏడాదంతా నోరు విప్పని ఒక అమ్మాయి ఉంది. “మా నాయనమ్మ అంటుంది, అరువు సొమ్ములు బరువు చేటు అని. ఇది అదే కథ” అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. దీన్ని ఇంగ్లీష్‌లో చెప్పండి చూద్దాం అన్నాను. గంట కొట్టేదాకా దాని మీదే కూర్చున్నారు.

జెడ్పీ హైస్కూల్ టీచర్, నల్గొండ:
మేడం పద్ధతే సరైనది. ప్రభుత్వమే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తోంది, ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగు. పుస్తకానికి లేని అంటు నోటికెందుకు?

పదో తరగతి పిల్ల తల్లి:
నా భయం వేరు. మా అమ్మాయికి ఇంగ్లీష్ బాగా వచ్చు. ప్రతి గ్రూపులోనూ పని మొత్తం తన మీదే పడుతుంది, మిగతావాళ్ళు అది చెప్పిందే రాసుకుంటారు. భాష సంగతి తర్వాత, ముందు ఇది చూడండి.

డాలస్‌లో టీచర్:
అమ్మా, మీ భయం నిజమే. ఇక్కడ ఇలాంటి గ్రూపుల్ని లిటరేచర్ సర్కిల్స్ అంటారు. 1994లో హార్వే డేనియల్స్ అనే అమెరికన్ విద్యావేత్త పుస్తకంతో బాగా ప్రచారమయ్యాయి. ఒకరు ప్రశ్నలు తేవాలి, ఒకరు కష్టమైన మాటలు, ఒకరు సారాంశం, ఇలా తలా ఒక పని. అలా అయితే ఒక్కరి మీదే భారం పడదు. కానీ పిల్లలు తమ పని రాసుకునే కాగితాలు నింపడమే చర్చ అనుకుంటున్నారని, వాటిని తగ్గించమని 2002లో ఆయనే అన్నారు. నేను మొదటి మూడు వారాలే పనులు పంచుతాను, తర్వాత తీసేస్తాను.

ఖమ్మం మాస్టారు:
‘రెస్ట్’ సంగతి బాగుంది, కాదనను. అర్థం చేసుకోవడానికి తెలుగు ఉండనివ్వండి. కానీ ఆ పిల్లవాడు ‘మిగతాది’ అన్న తర్వాత ‘రెస్ట్’ని తన సొంత వాక్యంలో వాడాడా? అది జరగకపోతే నా అభ్యంతరం అలాగే ఉంటుంది. చివరి పది నిమిషాలైనా ప్రతి ఒక్కరూ ఒక్క వాక్యం ఇంగ్లీష్‌లో లేచి నిలబడి చెప్పాలి. భయపడేవాళ్ళు ముందే రాసుకుని చదవొచ్చు.

గుంటూరు టీచర్:
వాడలేదు మాస్టారూ. అడగాల్సింది, నేనే అడగలేదు. పది నిమిషాల మాట ఈ శుక్రవారం నుంచే పెడతాను. మొదటి ముప్పై నిమిషాల్లో మాత్రం తెలుగుని ఆపను. ప్రిన్సిపాల్‌గారికీ ఇదే చెప్తాను.

జెడ్పీ హైస్కూల్ టీచర్, నల్గొండ:
ఇంతకీ ఆ సామెతని ఇంగ్లీష్‌లో ఏమన్నారు?

గుంటూరు టీచర్:
“బారోడ్ జ్యువెల్స్ ఆర్ హెవీ” దాకా వచ్చారు. ‘చేటు’ దగ్గర ఆగిపోయారు. ఒకరు ‘లాస్’ అన్నారు, ఆ అమ్మాయి “అది కాదు మేడం, ఇంకా పెద్దది” అంది. బోర్డు మూల ఆ సగం వాక్యం అలాగే ఉంది, ఎవరూ చెరపలేదు.