పోయిన బండి దొరికింది, వేరే పోలీస్ స్టేషన్‌లో ఉంది. విడిపించుకోవడం ఎలా?

కంచరపాలెం_కుర్రోడు:

వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పోయిన మా స్ప్లెండర్ బైక్, బీఎస్6 (ఫ్యూయల్ ఇంజెక్షన్) మోడల్, దొరికిందని ఫోనొచ్చింది. ఎఫ్‌ఐఆర్ సిటీలోనే కట్టించాం. బండి మాత్రం అనకాపల్లి జిల్లాలో ఒక స్టేషన్ ఆవరణలో ఉంది. అక్కడ ముఠాని పట్టుకుని చాలా బళ్లు ఒకేసారి సీజ్ చేశారట. వెళ్లి అడిగితే కోర్టులో పిటిషన్ వేసుకోమన్నారు. ఏ కోర్టులో వేయాలో అర్థం కావట్లేదు.

ఆర్సీ నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయి ఏడాది దాటినా పేరు మార్పించలేదు. ఇన్సూరెన్స్‌లో థెఫ్ట్ క్లెయిమ్ పెట్టాం, డబ్బు ఇంకా పడలేదు. బండికి నంబర్ ప్లేట్లు రెండూ లేవు, హ్యాండిల్ లాక్ విరిచేశారు. లాయరు తప్పనిసరా? బండి చేతికొచ్చాక ఇంకేం చూసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టుహాలు_బెంచీ:

ముందు తేల్చుకోవాల్సింది, బండి ఏ క్రైమ్ నంబర్‌లో సీజ్ అయిందన్నది. మీరిచ్చిన కంప్లైంట్ నంబర్ ఒకటి, బండి పట్టుబడిన కేసు నంబర్ ఇంకొకటి అయ్యుండొచ్చు. సీజ్ చేసిన స్టేషన్ ఏ మెజిస్ట్రేట్ పరిధిలోకి వస్తుందో, బండి సంగతి ఏ మెజిస్ట్రేట్‌కి రిపోర్ట్ చేశారో, పిటిషన్ అక్కడే పడాలి. ఇది చూసుకోకుండా సిటీ ఎఫ్‌ఐఆర్ నంబర్ వేసి ఇక్కడి కోర్టులో ఫైల్ చేస్తే, ప్రాపర్టీ ఈ కోర్టు ముందుకి రాలేదని వెనక్కొస్తుంది. ఎక్కువమందికి వారాలు పోయేది ఇక్కడే.

ముఠా దొరికినప్పుడు మామూలుగా జరిగేది ఇది. అనుమానాస్పద సొత్తు అని చెప్పి పట్టుకున్న స్టేషనే తన దగ్గర కేసు కట్టి బళ్లన్నీ అందులో చూపిస్తుంది. తర్వాత చాసిస్ నంబర్లను బట్టి ఏ బండి ఏ ఊరి ఎఫ్‌ఐఆర్‌దో తేల్చి, ఆయా స్టేషన్లకి సమాచారం ఇస్తుంది. మీ సిటీ క్రైమ్ స్టేషన్ వాళ్లు నిందితుణ్ణి పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి వేరే కేసులో రప్పించే కోర్టు ఉత్తర్వు) మీద తెచ్చుకుని, బండిని తమ కేసులోకి మార్పించుకుంటే కోర్టు మారిపోతుంది. మార్పించుకోకపోతే అనకాపల్లి వైపే తిరగాలి. అందుకని రెండు స్టేషన్లలో కాగితాలు చూసే రైటర్లనీ అడిగి, ఇవి కాగితం మీద రాసుకోండి: క్రైమ్ నంబర్, సెక్షన్లు, సీజ్ చేసిన తేదీ, కోర్టు పేరు, కోర్టులో ప్రాపర్టీకి నంబర్ పడిందా లేదా. మధ్యవర్తుల రిపోర్టు, అంటే సీజర్ పంచనామా, కాపీ దొరికితే సగం పని అయినట్టే.

కేసు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్, కింద ఉంటే పిటిషన్ దాని సెక్షన్ 497 లేదా 503 కింద. 2024 జూలై 1కి ముందు ఇవే పాత చట్టం సీఆర్‌పీసీలో 451, 457. బండిని ఇంకా కోర్టుకి చూపించకుండా, రిపోర్ట్ మాత్రమే వెళ్లిన దశలో 503. విచారణలో కోర్టు ముందుకి వచ్చిన సొత్తుకి 497. చాలామంది రెండూ కలిపే వేస్తారు, తప్పేం లేదు. మధ్యంతర కస్టడీ అంటే బండి మీ చేతికి వస్తుంది గానీ కేసు తేలేవరకూ అది కోర్టు అధీనంలో ఉన్నట్టే.

నిజానికి బీఎన్‌ఎస్‌ఎస్ 106(3) ప్రకారం, కోర్టుకి తీసుకెళ్లడం వీలుకాని సొత్తుని అడిగినప్పుడు హాజరుపరుస్తానని బాండ్ రాయించుకుని పోలీసులే ఇచ్చేయొచ్చు. ఆ వెసులుబాటు వాడే స్టేషన్లు తక్కువ. అడగడంలో నష్టం లేదు, కాకపోతే దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కోర్టులో మాత్రం 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు, సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు, చెప్పించండి. సీజ్ చేసిన వాహనాలను స్టేషన్లలో ఎండకీ వానకీ వదిలేయొద్దని, ఫొటోలు తీయించి, పంచనామా రాయించి, బాండూ పూచీకత్తూ తీసుకుని ఇచ్చేయాలని అందులో ఉంది. కొత్త చట్టంలో 497 కూడా అదే దారి పట్టింది: సొత్తు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఫొటో లేదా వీడియో, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఉత్తర్వు. గడువులు రాసున్నంత మాత్రాన ఫైలు తనంతట కదలదు, పిటిషన్ ఉంటేనే కదులుతుంది.

లాయరు తప్పనిసరి అని చట్టంలో లేదు. కానీ మీ కేసులో ఆర్సీ వేరే పేరు మీద ఉంది కాబట్టి పెట్టుకోండి. దొంగతనం కేసు అయితే ఏపీపీ గారు (ప్రభుత్వం తరఫు లాయరు) అభ్యంతరం పెట్టేది తక్కువ. స్టేషన్ నుంచి రిపోర్టు వస్తే ఉత్తర్వు వస్తుంది. ఆ రిపోర్టే వాయిదాల మీద వాయిదాలు లాగుతుంది. నోటీసు స్టేషన్‌కి చేరిందో లేదో మీరే కనుక్కుని, ఎవరి దగ్గరుందో వెంటపడాలి.

నాన్నగారి ఆర్సీ విషయానికి మరణ ధ్రువపత్రం, సచివాలయంలో అప్లై చేసుకుంటే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరి నో అబ్జెక్షన్ అఫిడవిట్లు జత చేయండి. అమ్మగారు ఉంటే ఆవిడ పేరు మీదే పిటిషన్ వేస్తే ఇంకా తేలిక. ఒక లైను మాత్రం మరిచిపోవద్దు. మధ్యంతర కస్టడీ ఉత్తర్వులో బండి అమ్మకూడదు, రూపం మార్చకూడదు, రంగు మార్చకూడదు అని షరతు ఉంటుంది. వారసత్వం కింద ఆర్సీ పేరు మార్చుకోవడానికి అనుమతి కావాలని అదే పిటిషన్‌లో అడిగేయండి. లేకపోతే తర్వాత దానికోసం ఇంకో పిటిషన్ వేయాలి.

బాండ్ మొత్తం బండి విలువను బట్టి కోర్టు నిర్ణయిస్తుంది. ఇన్సూరెన్స్ కాగితం మీద ఐడీవీ (కంపెనీ బండికి కట్టిన విలువ) ఉంటుంది కదా, అది చూపిస్తే ఊహల లెక్కలు ఉండవు. జామీనుదారుడికి ఇంటి పన్ను రశీదు గానీ జీతం సర్టిఫికెట్ గానీ, ఆధార్ ఒరిజినల్‌తో సహా, ఉత్తర్వు వచ్చే రోజుకే సిద్ధంగా ఉండాలి.

ఏజెన్సీ_ఘాట్‌రోడ్:

పైన చెప్పినదానికి ఒక ముఖ్యమైన చేర్పు. సెక్షన్లు అడగమన్నారు కదా, అందులో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) ఉందేమో ముందు చూడండి. వైజాగ్‌లో పోయిన బళ్లు పాడేరు, చింతపల్లి వైపు గంజాయి మోయడానికి వాడటం ఇక్కడ కొత్త కాదు. అలా పట్టుబడితే దారి వేరు. ఆ కేసు వినేది ప్రత్యేక కోర్టు. వాహనం జప్తు కూడా కావచ్చు. తనకి తెలియకుండా, తన ప్రమేయం లేకుండా జరిగిందని యజమాని చూపిస్తే జప్తు తప్పుతుందని సెక్షన్ 60(3) చెబుతుంది.

మీకు రక్ష మీ ఎఫ్‌ఐఆర్ తేదీయే. గంజాయి పట్టుబడిన తేదీకి ముందే దొంగతనం కేసు నమోదై ఉంటే మీకు వ్యతిరేకంగా వాదించడానికి పెద్దగా మిగిలేదేమీ ఉండదు. కంప్లైంట్ ఇవ్వడానికి రోజుల తరబడి ఆలస్యం చేసినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. ఇలాంటి కేసుల్లో మధ్యంతర కస్టడీయే కుదరదు అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. బిశ్వజిత్ దే కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు, అలాంటి నిషేధం ఎన్‌డీపీఎస్ చట్టంలో లేదని తేల్చింది. లాయరుగారికి ఆ తీర్పు గుర్తు చేయండి.

పాలసీ_పేపర్లు:

ఇన్సూరెన్స్ సంగతి. క్లెయిమ్ డబ్బు ఇంకా పడలేదు కాబట్టి బండి దొరికిన విషయం కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. మెయిల్ చాలు, క్లెయిమ్ నంబర్ వేయండి. దొరికిందని తెలిసీ చెప్పకుండా డబ్బు తీసుకుంటే అది మోసం కిందికి వస్తుంది. మొత్తం పోయినట్టు పెట్టిన క్లెయిమ్ ఆగిపోతుంది. బదులుగా లాక్ సెట్, వైరింగ్, పోయిన పార్టులు, గీతలూ సొట్టలూ డ్యామేజీ కింద అడగొచ్చు, పాలసీ కాంప్రహెన్సివ్ (సొంత బండి డ్యామేజీకి కూడా వర్తించేది) అయితేనే. థర్డ్ పార్టీ మాత్రమే అయితే ఏమీ రాదు.

సర్వేయర్ చూసేవరకు ఒక్క బోల్టు కూడా విప్పొద్దు. క్లెయిమ్‌తో పాటు రెండు తాళాలూ కంపెనీకి ఇచ్చేసి ఉంటారు, అవి వెనక్కి అడిగి రశీదు మీద తీసుకోండి. డబ్బు ముట్టాక బండి దొరికినవాళ్ల పరిస్థితి మాత్రం వేరు. అప్పుడు హక్కు కంపెనీదే, కస్టడీ పిటిషన్ కూడా వాళ్లే వేస్తారు. ఓనర్ పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీద ముందే సంతకాలు తీసుకునేది అందుకే.

ఇంకో మాట. బండి పోయిన మధ్యలో పాలసీ గడువు దాటిపోయి ఉండొచ్చు. స్టేషన్ గేటు దాటించే ముందు థర్డ్ పార్టీ అయినా చేయించండి, లేదా ఆటో ట్రాలీలో వేసుకు రండి. అనకాపల్లి నుంచి హైవే మీద ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే, ఏదైనా జరిగినప్పుడు మొత్తం మీ నెత్తిన పడుతుంది. సొంత డ్యామేజీ పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు వచ్చే ప్రీమియం తగ్గింపు) కూడా పోతుంది.

కంచరపాలెం_కుర్రోడు:

చాలా థాంక్స్ అండీ. సెక్షన్లు కనుక్కున్నా, గంజాయి లేదు, దొంగతనమే. బండి దగ్గరికి వెళ్లినప్పుడు చాసిస్ నంబర్ మీద గీకినట్టు ఉందని అక్కడి కానిస్టేబుల్ గారు అన్నారు. అదేమైనా ఇబ్బందా?

గ్రీజు_చేతులు:

ఎంత గీకారన్నదాన్ని బట్టి. హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద నంబర్ ఉంటుంది. తుప్పు, పెయింట్ అయితే కిరోసిన్ గుడ్డతో తుడిస్తే కనబడుతుంది, కానీ ఆ పని మీరు చేయొద్దు, పోలీసుల ఎదుట వాళ్లే చేయాలి. ఎమెరీ కాగితం, సాండ్‌పేపర్ అసలు తాకించొద్దు. గ్రైండర్ పెట్టి నిజంగానే చెరిపేసి ఉంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌కి రాస్తారు. వైజాగ్‌లోనే ప్రాంతీయ ల్యాబ్ ఉంది. అంకె పంచ్ కొట్టినప్పుడు కింద లోహం కూడా లోతుగా నలుగుతుంది. పైన అరగదీసినా ఆ నలిగిన పొర మిగిలితే, యాసిడ్ రాసినప్పుడు చుట్టుపక్కల లోహంలా కాకుండా వేరేగా తినేసి అంకె నీడలా తేలుతుంది. మరీ లోతుగా కోసేసినా, మీద వెల్డింగ్ పెట్టినా రాదు. ఇంజిన్ నంబర్ క్రాంక్‌కేస్ మీద చెక్కుచెదరకుండా ఉంటే అదే మీకు పెద్ద ఆధారం, పిటిషన్‌లో అది కూడా రాయించండి.

బండి తీసుకునేటప్పుడు పంచనామాలో రాసిన పార్టులు చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. బ్యాటరీ, అద్దాలు, సైలెన్సర్, సైడ్ కవర్లు, టూల్ కిట్. అందులో ఉండి బండిలో లేనిది ఏదైనా ఉంటే రశీదు మీద రాసి మరీ సంతకం పెట్టండి. సంతకం అయ్యాక నోరెత్తినా లాభం లేదు.

స్టార్ట్ బటన్ వెంటనే నొక్కొద్దు. మన తీరం గాలికి నెలల తరబడి నిలబడ్డ బండి అంటే చెయిన్, డిస్క్, ట్యాంక్ లోపల, అన్నిచోట్లా తుప్పే. పాత పెట్రోలు మొత్తం తీసేయండి, అది వాసన మారి జిగురు కడుతుంది. బీఎస్6 బండి కాబట్టి ఆ జిగురు ఇంజెక్టర్‌ని, ట్యాంకులో పంపుని పట్టేస్తుంది, వాటి ఖర్చు ఎక్కువ. ఇంజిన్ ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్లు వెళ్లినట్టే, మార్చకుండా తిప్పొద్దు. ప్లగ్ విప్పి, రంధ్రంలో నాలుగు చుక్కలు ఆయిల్ వేసి, ఇగ్నిషన్ ఆపి ఉంచి నెమ్మదిగా కిక్ కొట్టండి. బిగుసుకుని ఉంటే బలవంతం చేయకండి. బ్యాటరీ 12 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ఛార్జింగ్ పెట్టి చూడండి, నిలవకపోతే మార్చడమే. టైరు పక్కగోడల మీద పగుళ్లు చూడండి.

హ్యాండిల్ లాక్ విరిచేది పిన్ను తెగేదాకా హ్యాండిల్‌ని బలంగా తిప్పి. అందుకని లాక్ సెట్ మార్చి ఊరుకోవద్దు, టీ స్టెమ్ (హ్యాండిల్‌ని ముందు ఫోర్కులకి కలిపే భాగం) వంగిందేమో, కోన్ సెట్‌లో (హ్యాండిల్ తిరిగే బేరింగ్‌లో) గూళ్లు పడ్డాయేమో కూడా చూపించండి. తిన్నగా పోతూ పోతూ బండి ఒక పక్కకి లాగితే కారణం ఇదే కావచ్చు. ఇగ్నిషన్ కింద వైర్లు తెంపి కలిపిన చోట టేపు చుట్టి వదలొద్దు, కప్లర్ కొత్తది వేయించండి.

ఆర్టీఏ_క్యూ:

నంబర్ ప్లేట్లు బయట బోర్డు షాపులో రాయించుకోవద్దు. హైసెక్యూరిటీ ప్లేట్లు పోతే ఎఫ్‌ఐఆర్ కాపీ పెట్టి డీలర్ ద్వారానో ఆన్‌లైన్‌లోనో మళ్లీ ఆర్డర్ పెట్టాలి. పాత ప్లేట్ల లేజర్ నంబర్ల బదులు కొత్తవి వాహన్‌లో (రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డులో) ఎక్కుతాయి. ఎఫ్‌ఐఆర్‌లో ప్లేట్లు పోయిన సంగతి ఉండదు కాబట్టి, అవి లేకుండానే బండి దొరికిందన్న పంచనామా కూడా జత చేయండి.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది ఇది. బండి పోయినప్పుడు పోలీసులు పెట్టిన గుర్తు, బండి ఇంటికొచ్చినా దానంతటది పోదు. వాహన్‌లో ఆర్సీ మీద బ్లాక్ ఉంటే ఫారం 31 మీద వారసత్వం మార్పు ముందుకెళ్లదు. కోర్టు ఉత్తర్వు, స్టేషన్ నుంచి రిలీజ్ లెటర్ పెట్టి ఆర్టీఏలో తీయించాలి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) రికార్డులో కూడా దొంగిలించబడిన వాహనం అనే ఉంటుంది. దాన్ని దొరికినట్టుగా మార్చాల్సింది మీ ఎఫ్‌ఐఆర్ కట్టిన సిటీ స్టేషన్, అనకాపల్లి వైపు వాళ్లు కాదు. మార్చారో లేదో డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో వాహన ఎన్‌ఓసీ తీసి మీరే చూసుకోవచ్చు. అది క్లియర్ కాకపోతే ఇంకో చెక్‌పోస్ట్‌లో మీ బండినే దొంగబండి అని పక్కకి పెడతారు. అందుకే కోర్టు ఉత్తర్వు జిరాక్స్ ఒకటి సీటు కింద ఉంచండి, ఒరిజినల్ మాత్రం ఇంట్లో.