ఎయిర్ గ్రేవర్‌లో స్ట్రోక్ స్పీడు ఎంత పెట్టాలి? వెండికీ, స్టెయిన్‌లెస్‌కీ

లాకెట్_పని:
పెడల్‌తో నడిచే ఎయిర్ గ్రేవర్ (గాలి ఒత్తిడితో ఉలిని కొట్టి లోహం మీద చెక్కే పరికరం) వాడుతున్నా. స్ట్రోక్ నాబ్ నిమిషానికి 400 నుంచి 8000 దాకా తిరుగుతుంది. టిప్ 120 డిగ్రీల వి, ముఖం (కొన ముందు వాలు) 45, హీల్ (కొన అడుగున చిన్న వాలు) 15. అన్ని పనులకీ 1200 మీదే ఉంచా. 925 వెండి లాకెట్ల మీద పేర్లు చెక్కితే గీత అడుగున మెట్లు మెట్లుగా కనిపిస్తోంది, మెరుపు లేదు. అదే సెట్టింగ్‌తో 304 స్టెయిన్‌లెస్ వాచీ మూత మీద పెడితే కార్బైడ్ కొన విరిగిపోతోంది. ఏ లోహానికి ఎంత స్పీడో పట్టిక ఉంటే ఇస్తారా?

నగిషీ_బల్ల:
పట్టికతో పని జరగదండీ. లోహం కన్నా ముందు మీ చెయ్యి ఎంత వేగంగా సాగుతోందో చూడాలి. 1200 అంటే సెకనుకి 20 దెబ్బలు. సెకనుకి 3 మిల్లీమీటర్లు నెడితే దెబ్బకీ దెబ్బకీ ఎడం 0.15 మి.మీ. మీరు చూస్తున్న మెట్లు అవే. 3000 పెడితే సెకనుకి 50 దెబ్బలు, ఎడం 0.06కి దిగుతుంది, గీత నున్నగా వస్తుంది. వెండి మీద అక్షరాలకి 2500–4000 మధ్య మొదలుపెట్టండి. చుక్కలతో నీడ వేసేటప్పుడు మాత్రం 400–800 చాలు, ఒక్కో చుక్కా విడిగా పడాలి కదా.

స్పీడు వేరు, బలం వేరు. స్పీడు పెంచితే పిస్టన్ (లోపల ఉలిని కొట్టే ముక్క) కదిలే దూరం తగ్గి దెబ్బ మెత్తబడుతుంది. అప్పుడు గాలి ఒత్తిడి కాస్త పెంచాలి. చాలామంది ఇక్కడే స్పీడు పనికిరాదనుకుని మళ్ళీ 1200కి వచ్చేస్తారు. తొక్కగానే పెద్ద దెబ్బ పడి గీత మొదట్లో గుంట వస్తుంటే ఐడిల్ సరిచూడండి. పెడల్ తొక్కకముందు పిస్టన్ కదలబోయే అంచున ఉండాలి.

మెరుపు స్పీడుతో రాదు, హీల్ పాలిష్‌తో వస్తుంది. 1200 గ్రిట్ ల్యాప్ (పదునుపెట్టే బిళ్ళ) తర్వాత సిరామిక్ ల్యాప్ మీద 0.5 మైక్రాన్ డైమండ్ పొడి వేసి హీల్‌ని రెండు మూడు సార్లు తాకిస్తే చాలు.

స్టీలు_గీత:
స్టెయిన్‌లెస్ సంగతి వేరు. 304ని కోయకుండా రుద్దితే అక్కడే గట్టిపడుతుంది. ముందుకు నెట్టకుండా పెడల్ తొక్కి ఉంచడమంటే ఆ చోటుని సుత్తితో కొట్టి గట్టిచేయడమే. 1500 దగ్గర పెట్టి, బలం పెంచి, ఆపకుండా నెట్టండి. ఒకేసారి లోతుకి వెళ్ళొద్దు, రెండు విడతల్లో తీయండి. చుక్క కటింగ్ ఆయిల్ వేయండి.

45 ముఖం 304కి మరీ పల్చన. 55కి మార్చండి, కొన వెనక లోహం ఎక్కువ మిగులుతుంది. గీత చివర రజను తెగలేదని కొనని పైకి ఎత్తి పెకలించొద్దు, కార్బైడ్ విరిగేది ఎక్కువగా అప్పుడే. పదును చూడ్డానికి కొనని బొటనవేలి గోరు మీద ఆనించండి. జారితే మొద్దు, పట్టుకుంటే సరి.

లాకెట్_పని:
3200, కొంచెం ఒత్తిడి పెంచా. నిలువు గీతలు బాగున్నాయి. కానీ ‘శ్రీ’లో గుడిదీర్ఘం తిప్పే చోట బయటి అంచు గీసుకుపోయి బర్రు (అంచున గరుకు లోహం) లేస్తోంది.

నగిషీ_బల్ల:
అది హీల్ పొడవు వల్ల. వంపులో హీల్ వెనక అంచు బయటి గోడకి రాసుకుంటుంది. తెలుగు అక్షరాల్లో వంపులే ఎక్కువ, కాబట్టి హీల్ 0.3 మి.మీ. దాటనివ్వకండి, చిన్న అక్షరాలకి ఇంకా తక్కువ. చెయ్యి తిప్పకుండా బాల్ వైస్‌ని (లాకెట్‌ని పట్టి ఉంచే, తిరిగే బిగింపు) తిప్పండి. వంపులో నెట్టుడు నెమ్మదిస్తుంది, పెడల్ కూడా అంతే వదలాలి, లేకపోతే అక్కడ గీత లోతుగా, లావుగా పడుతుంది.

స్టీలు_గీత:
ఇంకోటి. వానాకాలంలో స్పీడు దానంతటదే తడబడితే నాబ్ తిప్పకండి. కంప్రెషర్ ట్యాంకులో నీళ్ళు వదిలేసి, ఫిల్టర్ గిన్నె చూడండి. హ్యాండ్‌పీస్‌లోకి (చేత్తో పట్టుకునే భాగం) తేమ పోతే పిస్టన్ అంటుకుంటుంది. కంపెనీ చెప్పకపోతే నూనె వేయొద్దు, జిడ్డు పట్టి ఇంకా మొరాయిస్తుంది.