డీటీహెచ్ మార్చాక బొమ్మ మసకగా వస్తోంది, లోపం ఎక్కడుందంటారు?

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. ఈమధ్య పాత డీటీహెచ్ తీసేసి వేరే కంపెనీది పెట్టించాం. అప్పటినుంచీ బొమ్మలో తేట లేదు. క్రికెట్ పెడితే పచ్చికంతా పులిమేసినట్టుంటోంది, స్కోరు అంకెల అంచులు చెదిరిపోతున్నాయి. టీవీ మాత్రం అదే, 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ.

బిగించినాయన "కొబ్బరాకులు అడ్డమండీ, నాలుగు మట్టలు కొట్టించండి" అనేసి వెళ్లిపోయాడు. కోనసీమలో కొబ్బరిచెట్టు అడ్డంలేని డాబా ఎక్కడుందో ఆయనే చెప్పాలి! నాకైతే నమ్మకం కుదరట్లేదు. డిజిటల్ సిగ్నల్ తగ్గితే బొమ్మ గళ్లుగళ్లుగా విరగాలి, లేదా ఆగిపోవాలి. జోరువానలో అలా అవుతూనే ఉంటుంది. ఎండపూట కూడా ఒకేలా మసకగా ఉండడమేంటి? పైగా బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత రెండూ బాగానే చూపిస్తోంది.

ముందు ఎరుపు, పసుపు, తెలుపు వైర్లతో కలిపాడు. అందులో బొమ్మకు 576 అడ్డగీతలకు మించి రావు కాబట్టి అవి పీకి హెచ్‌డీఎంఐ పెట్టాను. కొంత మెరుగు. ఇప్పుడు హెచ్‌డీ ఛానళ్లు పర్వాలేదు, మామూలు తెలుగు ఛానళ్లే అధ్వానం. మా అమ్మ చూసేవన్నీ అవే.

ఒకే ట్రాన్స్‌పాండర్‌లో (ఉపగ్రహం నుంచి ఛానళ్లను కిందికి పంపే పరికరం) ఎక్కువ ఛానళ్లు కుక్కి బిట్‌రేట్ (ఒక్కో ఛానల్‌కి సెకనుకు పంపే డేటా) తగ్గించేస్తే ఇలాగే ఉంటుందా? బాక్సు అవుట్‌పుట్ 1080ఐలో, అంటే 1080 గీతల హెచ్‌డీ బొమ్మలో ఉంది. మామూలు ఛానళ్లకు దాన్ని 576కి దించి, బొమ్మను తెరకు సరిపడా సాగదీసే పని టీవీకే వదిలేస్తే నయమా? చేసి చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి. లేదంటే అమ్మ చూసే ఛానళ్లకు హెచ్‌డీ ప్యాకే కట్టుకోవాలేమో.