నోట్స్ యాప్‌లో సిస్టమ్ కట్టుకోవడం చదువుకు మేలా, చేటా?

గ్రూప్స్_కడప: గ్రూప్-2కి చదువుతున్నా. మూడు వారాలుగా నోషన్ అనే నోట్స్ యాప్‌లో టేబుళ్లు, రంగులు, ట్యాగులు సర్దుకుంటూనే ఉన్నా, చదివింది మాత్రం రెండు చాప్టర్లు. మా రూమ్మేట్ లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటూ నాకంటే ముందున్నాడు. ఒకటే టెన్షన్. యాప్ వదిలేయనా?

అనంత_బోరు: యాప్ వద్దనుకోకు తమ్ముడూ, ఆ టేబుళ్లు వదులు. నాది అనంతపురంలో బోరు మోటర్ల పని. అబ్సిడియన్ అని ఇంకో నోట్స్ యాప్ ఉంది, దాంట్లో బోరుకు ఒక నోటు, అంతే. 'మోటర్ 7.5 హెచ్‌పీ, 600 అడుగులు, 20 అడుగుల పైపులు 30, కేబుల్‌కు రెండు జాయింట్లు.' రెండేళ్లకు మోటర్ కాలిందని రైతు ఫోన్ చేస్తే, సిగ్నల్ లేని చేన్లో కూడా ఆ నోటు తెరుచుకుంటుంది. ఫైళ్లు ఫోన్‌లోనే ఉంటాయి, అవీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే, రేపు ఆ యాప్ మూతపడినా ఇంకోదాంట్లో తెరుచుకోవచ్చు. వెతికితే దొరకాలి, నోట్సు రాసేది దానికే కదా.

కర్నూలు_సోషల్‌టీచర్: ఫోన్‌లోనే ఉంటాయన్నదే నా భయం అన్నా. బస్సులో నా ఫోన్ పోయి, ఏడాది నోట్సు దాంతోపాటే పోయింది, ఆ రోజు ఎంత ఏడ్చానో. నోషన్ అయితే వేరే ఫోన్‌లో లాగిన్ అయినా అన్నీ ఉంటాయి. ఇంకోటి, తెలుగులో వెతకడం అంత తేలిక కాదు. 'చట్టం' అని కొడితే 'చట్టాలు', 'చట్టానికి' రావు, 'చట్ట' దగ్గర ఆపితే వస్తాయి. 'భూసంస్కరణలు' కలిపి రాసి, ఇంకోచోట 'భూ సంస్కరణలు' అని విడదీసి రాస్తే ఒకటి దొరికి ఒకటి దొరకదు. ముందు మన రాత ఒక పద్ధతిలో ఉండాలి, తర్వాతే యాప్. గుర్తుండాల్సింది మాత్రం చేత్తోనే రాయమంటాను, మా పిల్లలకూ అదే చెప్తా.

అనంత_బోరు: ఫోన్ పోయే మాట నిజమేనమ్మా. నేను ప్రతి ఆదివారం ఆ ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటా. అది చేసే ఓపిక లేనివాళ్లకు మీరు చెప్పిందే మేలు. రంగులకు మాత్రం నేను ఒప్పుకోను.

గ్రూప్స్_కడప: రాత్రి టేబుళ్లన్నీ తీసేశా. 'శ్రీబాగ్ ఒడంబడిక, 1937' అని ఒక నోటు, 'కర్నూలు రాజధాని, 1953' అని ఇంకోటి రాసి లింకు పెట్టా. రాజధానో హైకోర్టో సీమకు ఇవ్వాలని కోస్తా, సీమ నాయకులు ఆ ఒడంబడికలో రాసుకున్న మాట 16 ఏళ్లకు ఎలా నెరవేరిందో రెండూ పక్కపక్కన చూశాకే అర్థమైంది. ఇది లాంగ్ నోట్‌బుక్కులో వేర్వేరు పేజీల్లో ఉండేది టీచర్ గారూ. తేదీలు మాత్రం చేత్తోనే రాసుకుంటున్నా.