పాత 2.4 గ్రిడ్ డిష్‌ను 5.8కి మార్చొచ్చా? కోసుకోవాలా, కొనుక్కోవాలా?

ఉద్దానం కుర్రోడు:
సోంపేట నుంచి సముద్రం వైపున్న మా ఊరికి 6 కిలోమీటర్ల వైర్‌లెస్ లింకు ఉంది. రెండు వైపులా కడ్డీల జాలి ఉండే గ్రిడ్ డిష్‌లు, గెయిన్ (సిగ్నల్‌ను ఒకే వైపుకు పంపే బలం) 24 డీబీఐ, 2.4 గిగాహెర్ట్జ్. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు ఇంటింటికీ వైఫై రౌటర్ వచ్చేసింది, సాయంత్రమైతే పింగ్ (లింకును పరీక్షించే చిన్న సందేశాలు) సగం పోతోంది. సిగ్నల్ మాత్రం నిండుగానే చూపిస్తోంది. బయటి యాంటెన్నా తగిలించుకునే 5.8 రేడియోలు రెండు దొరికాయి. డిష్‌లు అవే ఉంచి ఫీడ్‌లోని (డిష్ ముందుండి సిగ్నల్ పంపి అందుకునే భాగం) డైపోల్ కడ్డీని కొలిచి కోసేస్తే చాలని ఒకాయన అన్నారు. ఇంకొకాయనేమో అది చట్టవిరుద్ధం, ముట్టుకోవద్దు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

రాజాం వైర్‌మేన్:
కోసెయ్ తమ్ముడూ. 2.4లో తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు, 5.8లో అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. డైపోల్ అందులో సగం. అంటే ఆరు సెంటీమీటర్ల ముక్క రెండున్నర అవుతుంది. కట్టర్, సోల్డరింగ్ ఉంటే సాయంత్రానికి పని అయిపోతుంది. ఇనుములా పడున్న డిష్ ఉండగా కొత్తది కొనడం దండగ.

గజపతినగరం హామ్:
ఒక్క డైపోల్ కోస్తే 5.8 అయిపోదు. దాని వెనక ఉండే చిన్న రిఫ్లెక్టర్ దూరం మారాలి, బాలన్ (కేబుల్‌ను డైపోల్‌కు కుదిర్చే ముక్క) పొడవు మారాలి. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలో ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 200 మెగాహెర్ట్జ్ పైగా జరిగిపోతుంది. మనకున్న 5725–5875 మెగాహెర్ట్జ్ బ్యాండు మొత్తం కలిపితేనే 150. మరి సరిగ్గా కోశామో లేదో ఎలా తెలుస్తుంది? మనలో చాలామంది దగ్గరున్న మొదటి రకం నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) 1.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, వీ2 అయితే 3 దాకా వెళ్తుంది. 5.8 కొలవాలంటే 6.3 వరకు చూపించే లైట్‌వీఎన్ఏ లాంటిది కావాలి. అది లేకుండా కోయడం చీకట్లో బాణం వెయ్యడమే.

అసలు ఇబ్బంది కడ్డీలది. జాలి డిష్‌లో సందులు తరంగంలో పదో వంతుకు మించకూడదన్నది మామూలు లెక్క. 2.4కి అది 12 మిల్లీమీటర్లు, 5.8కి 5. మీ గ్రిడ్‌లో సందు ఎంతుందో స్కేలు పెట్టి చూడండి. 5 దాటితే 5.8 సిగ్నల్‌లో కొంత ఆ సందుల్లోంచి వెనక్కి పోతుంది.

రాజాం వైర్‌మేన్:
సందులైతే అల్యూమినియం దోమల జాలి బిగించేస్తే సరి. దానికింత టెన్షన్ ఎందుకు?

పలాస జీడి:
ఆ మాట ఉద్దానంలో అనకండి బాబూ. గ్రిడ్ డిష్ కనిపెట్టిందే గాలి దూరిపోవడానికి. సందులన్నీ మూసేస్తే అది తెరచాప అవుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇటువైపు కొబ్బరి చెట్లే నిలవలేదు. గంటకు 150 కిలోమీటర్ల గాలిలో 60 సెంటీమీటర్ల గుండ్రటి మూసిన డిష్ మీదే దాదాపు 40 కిలోల తోపుడు ఉంటుంది. మీ గ్రిడ్ వైశాల్యం అంతకన్నా ఎక్కువ. డిష్ నిలబెట్టిన పైప్ ఎంత మందమో ముందు చెప్పండి, తర్వాత జాలి సంగతి. పైగా ఉప్పు గాలి.

బొబ్బిలి మాస్టారు:
గ్రిడ్‌ను వదిలెయ్యడమే మేలు. ఇంకో కారణం కూడా ఉంది. కడ్డీలన్నీ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి అది ఒక్క పోలరైజేషన్‌కే (తరంగం ఊగే దిశ) పనిచేస్తుంది. ఇప్పటి రేడియోలు ఎక్కువగా రెండు చెయిన్లవి, అంటే ఒకేసారి రెండు సిగ్నళ్లు నడుపుతాయి. నిలువు, అడ్డం రెండూ వాడుకుంటాయి. మీరు గ్రిడ్ పెడితే రేడియోలో సగం పడకేసినట్టే.

రిఫ్లెక్టర్‌కు ఫ్రీక్వెన్సీతో పెద్దగా పని లేదు. వంపు నునుపుగా ఉండి, సందులు లేకపోతే ఏ బ్యాండైనా తిప్పి పంపుతుంది. బ్యాండు ఏదో తేల్చేది ఫీడ్. ఇప్పుడు ప్రతి డాబా మీదా కనెక్షన్ తీసేసిన డీటీహెచ్ డిష్ ఒకటి తుప్పు పడుతూ ఉంటుంది. 12 గిగాహెర్ట్జ్ కోసం చేసిన రేకు 5.8కి ఇంకా సులువు. 60 సెంటీమీటర్ల డిష్ 5.8లో లెక్క ప్రకారం 28 డీబీఐ ఇస్తుంది, ఇంట్లో చేసిన ఫీడ్‌తో 26 అనుకోండి.

ఎల్‌ఎన్‌బీని (డీటీహెచ్ డిష్ ముందుండే రిసీవర్ ముక్క) మాత్రం ఫీడ్‌గా వాడబోకండి. దాని గొట్టం లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, 9 గిగాహెర్ట్జ్ కన్నా కిందివి అందులోకి దూరలేవు. 5.8కి కనీసం 31 మిల్లీమీటర్లు కావాలి. 39 దాటితే గొట్టంలో తరంగం ఇంకో రూపంలో (రెండో మోడ్) కూడా నడవడం మొదలై బీమ్ చెడిపోతుంది. 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఇత్తడి పైప్ తీసుకుని, ఒక చివర మూసి, మూసిన చివర నుంచి 21 మిల్లీమీటర్ల దగ్గర ప్రోబ్ (గొట్టం లోపలికి పొడుచుకొచ్చే చిన్న తీగ) పెట్టండి. ప్రోబ్ పొడవు 13 మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ. రెండు చెయిన్లు కావాలంటే 90 డిగ్రీల్లో ఇంకో ప్రోబ్. రేడియోను ఫీడ్ వెనకే కట్టెయ్యండి. ఆర్‌జీ-58 కేబుల్ 5.8లో మీటరుకు ఒకటిన్నర డీబీ పైనే మింగేస్తుంది.

గజపతినగరం హామ్:
మాస్టారూ, పైప్‌తో ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రోబ్‌కి కూడా కొలిచే పరికరం కావాలి కదా?

బొబ్బిలి మాస్టారు:
కావాలి. కాకపోతే గొట్టం ఫీడ్ డైపోల్ అంత పెంకిది కాదు. ప్రోబ్ కొంచెం పొడవుగా పెట్టి, అవతలి వైపు సిగ్నల్ చూసుకుంటూ అర మిల్లీమీటర్ చొప్పున ఆకురాయితో తగ్గించుకుంటూ రావచ్చు.

చీపురుపల్లి కేబుల్:
అందరూ కోత, జాలి, పైప్ అంటున్నారు. లైసెన్సు సంగతి ఎవరూ మాట్లాడరే? డబ్ల్యూపీసీ (కేంద్రంలో రేడియో లైసెన్సులు చూసే విభాగం) వాళ్లు వస్తే పరికరం ఎత్తుకుపోతారు. సొంతంగా చేసిన యాంటెన్నా అంటేనే నేరం.

బొబ్బిలి మాస్టారు:
సొంత యాంటెన్నా అంటేనే నేరం అన్న రూల్ నాకైతే ఎక్కడా కనబడలేదు. 2.4 బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదని 2005లోనే వచ్చింది. 5725–5875ను ఆరుబయట కూడా వాడుకోవచ్చని 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. రేడియోకు టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం) ఉండాలి, ఎవరికీ అడ్డు తగలకూడదు, మనకు ఎవరైనా అడ్డు తగిలితే ఫిర్యాదు చేసే హక్కు లేదు. అసలు గీత పవర్ దగ్గర ఉంది. డిష్ లోంచి బయటికి వెళ్లేది 4 వాట్లు, అంటే పవర్ కొలత డీబీఎంలో 36 దాటకూడదు. డిష్ 28 ఇస్తే రేడియోలో పెట్టాల్సింది 8 డీబీఎం. సుమారు 6 మిల్లీవాట్లు.

రాజాం వైర్‌మేన్:
6 మిల్లీవాట్లా! నవ్వొస్తోంది. అందరూ 27 పెట్టుకుని నడుపుతున్నారు.

బొబ్బిలి మాస్టారు:
నడుపుతున్నారు కాబట్టే సాయంత్రమైతే ఎవరి లింకూ నడవదు. లెక్క చూడండి. 6 కిలోమీటర్లకు 5.8లో దారి నష్టం 123 డీబీ. 36 నుంచి 123 తీసి, అవతలి డిష్ 26 కలిపితే అందే సిగ్నల్ మైనస్ 61 డీబీఎం. ఆ రేడియోకు అది ధారాళం. 27 పెట్టి ఊరంతా గోల చెయ్యడం దేనికి?

చీపురుపల్లి కేబుల్:
పవర్ తగ్గించుకుని వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు మాస్టారూ? కాగితం మీద మీ లెక్క సరే. కొన్న యాంటెన్నా అయితే మోడల్ పెట్టగానే రేడియో తనే పవర్ తగ్గించుకుంటుంది. పైప్ ఫీడ్ గెయిన్ ఎంతో దానికి ఎవరు చెబుతారు? నా అభ్యంతరం అదీ.

గజపతినగరం హామ్:
ఈ మాటలో న్యాయం ఉంది. రేడియో సెట్టింగుల్లోని గెయిన్ గడిలో 28 అని చేత్తో రాసుకోవాలి, కొలవలేం కాబట్టి పై అంకె పెట్టుకోవడమే మర్యాద.

ఇంకో సంగతి. ఈ 36 గీతకు లోబడి ఉంటే 5.8కి మారినంత మాత్రాన సిగ్నల్ పెరగదు. ఇప్పుడు 2.4లో రెండు గ్రిడ్‌లతో ఇదే లెక్క వేస్తే మైనస్ 56 వస్తుంది, అంటే కొత్త లింకు 5 డీబీ తక్కువే చూపిస్తుంది. కుర్రోడు చెప్పింది చూడండి: సిగ్నల్ నిండుగా ఉంది, పింగ్ పోతోంది. అది రద్దీ రోగం. 2.4లో ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు 1, 6, 11, మూడే. మారాల్సింది గోల లేని చోటుకి, అంతే. సిగ్నల్ గీత తగ్గిందని మళ్లీ పవర్ పెంచకు తమ్ముడూ.

ఉద్దానం కుర్రోడు:
మరి మధ్యలో కొబ్బరి తోటలున్నాయి. 5.8 ఆకుల్లోంచి వెళ్లదంటారు కదా?

బొబ్బిలి మాస్టారు:
ఆకుల్లోంచి 2.4 కూడా సరిగా వెళ్లదు, ఆకులు తడిస్తే ఇంకా కష్టం. రెండింటికీ చెట్ల పైనుంచే దారి ఉండాలి. ఆ ఖాళీ మాత్రం 5.8కి తక్కువ చాలు. దారి మధ్యలో ఫ్రెనెల్ జోన్‌లో (సిగ్నల్ దారి చుట్టూ అడ్డు లేకుండా ఉండాల్సిన చోటు) అరవై శాతం లెక్కన 2.4కి ఎనిమిది మీటర్లు అయితే, 5.8కి అయిదు మీటర్ల పైన కాస్త. ఇప్పటి లింకు చెట్ల పైనుంచే పోతుంటే ఇదీ నిలబడుతుంది. కొబ్బరి ఏటేటా పెరుగుతుంది, అది గుర్తుంచుకుని డిష్ నిలబెట్టే పైప్ వేయించు.

ఉద్దానం కుర్రోడు:
సరే, రెండు డీటీహెచ్ డిష్‌లు సంపాదిస్తాను. 2.4 లింకు విప్పకుండా పక్కనే బిగించి చూస్తాను.

పలాస జీడి:
బిగించేటప్పుడు డిష్ ఊరి వైపు నిటారుగా పెట్టేస్తావేమో. అది ఆఫ్‌సెట్ డిష్. బీమ్ కనిపించే దానికన్నా 20 నుంచి 25 డిగ్రీలు పైకి పోతుంది. ముఖం నేలను చూస్తున్నట్టు వంచితేనే అవతలి డాబాకి తగులుతుంది. మా దగ్గర బిగించిన కుర్రాళ్లు ఇది తెలియక ఒక పూటంతా ఆకాశానికి సిగ్నల్ పంపారు. ఫీడ్ మూతికి ప్లాస్టిక్ మూత కూడా వెయ్యి, కందిరీగలు గూడు పెడతాయి.

రాజాం వైర్‌మేన్:
ఆ పాత గ్రిడ్‌లు పారెయ్యకు తమ్ముడూ, నాకు పంపించు. పార్వతీపురం అవతల మా బావ వాళ్ల ఊళ్లో 4జీ రౌటర్‌కి 2300 బ్యాండు ఒక గీతే వస్తోంది. 2.4 ఫీడ్ దానికి దగ్గరే కదా, కొయ్యకుండానే పనికొస్తుంది.

గజపతినగరం హామ్:
అది పనికొస్తుంది, రౌటర్‌కి బయటి యాంటెన్నా సాకెట్ ఉంటే. మధ్యలో బూస్టర్ పెట్టకండి, అది మాత్రం నిజంగానే నేరం.