ఎలుకల మందు తిన్న కుక్కకు ఉప్పునీళ్లు: పట్టొచ్చా, పట్టకూడదా?

గోదారిగట్టు (కాకినాడ):
మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి మా మోతీ (లాబ్రడార్, నాలుగేళ్లు, 28 కిలోలు) స్టోర్ రూమ్‌లోంచి మూతి నిండా నీలం రంగు పూసుకుని వచ్చింది. బియ్యం డబ్బాల వెనకాల పెట్టిన ఎలుకల మందు బిళ్ల సగం లేదు. పక్కింటి బాబాయ్‌గారు గోడ మీంచి చూసి, “గుప్పెడు ఉప్పు చెంబుడు నీళ్లలో కలిపి పట్టించరా, మొత్తం కక్కేస్తుంది” అన్నారు. నేను ఉప్పు కలిపాను. మా ఆవిడ చెంబు లాక్కుని సింకులో పారబోసింది. తను అప్పటికే డాక్టరుగారితో ఫోన్‌లో ఉంది. ఏమీ పట్టొద్దు, మందు అట్టపెట్టె తీసుకుని వచ్చేయండి అన్నారట ఆయన. వెళ్లాం, ఇంజెక్షన్ చేసి కక్కించారు, కుక్క బాగానే ఉంది. మా గొడవే తేలలేదు. “ఊళ్లో డాక్టరుండబట్టి సరిపోయింది, లేకపోతే ఏం చేసేవాడివి?” అంటారు బాబాయ్‌గారు. అదీ నిజమే అనిపిస్తోంది. మీరేమంటారు?

రైతుబిడ్డ (జగిత్యాల జిల్లా):
మీ బాబాయ్ చెప్పిందే కరెక్టు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో కుక్క లేని రోజు లేదు. పొలం గట్ల మీద నూకల్లో మందు కలిపి పెడతాం, కుక్కలు తింటూనే ఉంటాయి. రెండుసార్లు ఉప్పునీళ్లు పట్టినం, రెండుసార్లూ బతికినయి. పశువుల దవాఖాన పొద్దున తెరుస్తరు. రాత్రి పదకొండు గంటలకు కుక్కను బైకు మీద పెట్టుకుని నలభై కిలోమీటర్లు ఎవరు పోతరు? డాక్టర్ దగ్గరికి పొమ్మనడం సిటీ వాళ్లకు తేలికే.

వెట్ అక్క (తిరుపతి):
అన్నా, ఉప్పు పట్టాక పోయిన కుక్కల్ని నేను చూశాను. కక్కితే సరే. కక్కకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి వెళ్తుంది, సోడియం పెరిగిపోయి ఫిట్స్ వస్తాయి. అప్పుడు టేబుల్ మీద వణుకుతున్న కుక్కని చూసి, ఇది మందు చేసిన పనా ఉప్పు చేసిన పనా అని నేను తల పట్టుకోవాలి.

ఇంకో సంగతి. ఎలుకల మందు అంటే ఒకే మందు కాదు. మోతీ తిన్న నీలం బిళ్ల పెట్టె మీద బ్రోమాడయొలోన్ అని ఉందేమో చూడండి. అది రక్తం గడ్డకట్టనివ్వదు. ఆ రాత్రి కుక్క తోక ఊపుతూ మామూలుగా తిరుగుతుంది. మూడు నుంచి అయిదు రోజులకి నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, ముక్కులోంచి రక్తం మొదలవుతాయి. తిన్న మొదటి రెండు గంటల్లో కక్కిస్తే మంచిది. అది కుదరకపోయినా దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. కాబట్టి ఈ మందు విషయంలో “రాత్రి డాక్టర్ లేడు” అని ఉప్పు పట్టే అవసరమే లేదు. తెల్లారగానే బయల్దేరినా దక్కుతుంది.

మీరు నూకల్లో కలిపేది నల్లటి పొడి అయితే అది జింక్ ఫాస్ఫైడ్ అయ్యుంటుంది. అది మహా చెడ్డది. కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ గ్యాస్ పుడుతుంది, గంటల్లోనే ప్రాణం తీస్తుంది, విరుగుడు మందు లేదు. కక్కినప్పుడు వచ్చే ఆ గ్యాస్ పక్కనున్న మనిషికీ ప్రమాదమే. మూసిన గదిలో, అద్దాలెత్తిన కారులో ఉండకండి. పాలో, పెరుగన్నమో పెట్టకండి, తిండి పడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది.

యాసిడ్, కిరోసిన్ లాంటివి తాగితే అసలు కక్కించకూడదు. యాసిడ్ పైకి వచ్చేటప్పుడు గొంతుని మళ్లీ కాలుస్తుంది, కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

డాలస్‌లో ఓరుగల్లు:
ఇక్కడ అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్ల పాయిజన్ కంట్రోల్‌కి (విషం తిన్న జంతువుల కోసం ఫోన్ సలహా) ఫోన్ చేస్తాం. డబ్బులు తీసుకుంటారు గానీ అర్ధరాత్రయినా పలుకుతారు. పోయినేడు మావాడి పుట్టినరోజు చాక్లెట్ కేకు కుక్క తినేస్తే, దాని బరువు అడిగి కక్కించడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంత పట్టాలో చెప్పారు. కాసేపటికే కార్పెట్ మీద కక్కేసింది (కార్పెట్ పారేశాం). ఉప్పు బదులు అక్కడా అదే ఇంట్లో పెట్టుకోవచ్చుగా?

వెట్ అక్క:
మీకు దొరికేది 3 శాతం. ఇక్కడ మెడికల్ షాపులో అడిగితే తరచూ ఇచ్చేది 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. అమెరికా వీడియో చూసి అదే కొలత పడితే కడుపు లోపలి పొర పుండవుతుంది. కుక్కకైనా డాక్టర్ ఫోన్‌లో ఉండి చెప్తేనే. పిల్లికైతే ఎంత శాతమైనా వద్దు.

పిల్లులమ్మ (విజయవాడ):
ఉప్పు మాట అటుంచి నా తప్పు ఒకటి చెప్తాను. మా చిట్టి ఒళ్లు వేడిగా ఉందని పిల్లల పారాసిటమాల్ సిరప్ అర చెంచా నా చేత్తో నేనే పట్టాను. పసిపిల్లలకే ఇస్తాం కదా అని ధైర్యం. సాయంత్రానికి మూతి వాచింది, చిగుళ్లు కాఫీ రంగుకి తిరిగాయి. పిల్లి కాలేయం ఆ మందుని విడగొట్టలేదని ఆస్పత్రికి వెళ్లాకే తెలిసింది. మూడు రోజులు ఆక్సిజన్‌ మీద ఉంచారు, అదృష్టం బాగుండి దక్కింది. ఇప్పుడు మా ఇంట్లో ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉంది. అందులో గాజుగుడ్డ, సెలైన్ సీసా, థర్మామీటర్, పాత తువ్వాలు ఉన్నాయి. మాత్ర ఒక్కటి కూడా లేదు. డబ్బాలో మందుంటే చెయ్యి ఊరుకోదు.

రైతుబిడ్డ:
సరే మేడం, కానీ నేనడిగిందానికి జవాబు రాలేదు. నల్ల పొడి తిన్నది, రాత్రి పదకొండయింది, డాక్టర్ లేడు. చేతులు కట్టుకుని చూడాల్నా?

వెట్ అక్క:
నిజం చెప్తాను అన్నా. ఎక్కువ తింటే ఆ పరిస్థితిలో చాలా కుక్కలు దక్కవు, ఉప్పు పట్టినా దక్కవు. 1962 నంబరుకి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది గానీ అది ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టింది, రాత్రిపూట దాన్ని నమ్ముకోకండి. మీ మండలం డాక్టరు సొంత నంబరు ఇవాళే తీసుకోండి. రాలేకపోయినా ఫోన్‌లో ఏం చెయ్యాలో చెప్తారు. నూకలు పెట్టిన రోజుల్లో కుక్కని కట్టేయండి.

ఇంకోటి. విటమిన్ కె కొనేటప్పుడు పేరు చదవండి. ఫైటోమెనాడయోన్ అని ఉంటే కె1. మెనాడయోన్ అని మాత్రమే ఉంటే కె3, ఈ విషానికి అది పనికిరాదు. షాపులో రెండూ “విటమిన్ కె” అనే ఇస్తారు.

రైతుబిడ్డ:
పేరు రాసుకున్న. ఉప్పు సంగతి మాత్రం ఒప్పుకోను. ఆ రెండు కుక్కలు ఎట్లా బతికినయో మీరు చెప్పలేదు.

వెట్ అక్క:
ఎంత తిన్నాయో నేను చూడలేదు కదా అన్నా.

గోదారిగట్టు:
పెట్టె మీద బ్రోమాడయొలోన్ 0.005 శాతం అనే ఉంది. మోతీకి నాలుగు వారాలు కె1 మాత్రలు రాశారు, అన్నంలో కలిపి పెడుతున్నాం. ఆఖరి మాత్ర వేసిన రెండు రోజులకి రక్తపరీక్ష చేయిస్తాం. చిగుళ్లు పాలిపోతాయని ఇక్కడ రాసింది బాబాయ్‌గారికి చదివి వినిపించాను. ఆయన ఉప్పు మాట వదల్లేదు. కానీ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో గోడ దగ్గరికొచ్చి, “ఏదిరా, దాని పెదవి పైకెత్తు” అంటున్నారు.