రొయ్యలో 0.3 పీపీబీ క్లోరాంఫెనికాల్: విషమా, వంకా?

ఉప్పుటేరు
అందరికీ నమస్కారమండి. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికున్నవాళ్లే చదవండి. మాది కాళ్ల మండలం, లీజు చెరువులు. పట్టుబడికి ముందు శాంపిల్ తీసుకెళ్లి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఉందన్నారు. 45 కౌంటు సరుకు, అంటే కేజీకి 45 రొయ్యలు. రంగు బాగుంది, తోక గట్టిగా ఉంది, చెక్ ట్రే పైకి లాగితే మేత గింజ మిగలడం లేదు. అలాంటి రొయ్య ఎగుమతికి పనికిరాదట. సరుకు ఏదోలా వదిలించుకున్నాం, అది వేరే కథ. నేనడిగేది ఆ అంకె గురించి.

యూరప్ వాడి హద్దు మొన్నటిదాకా 0.3 పీపీబీ. 2019లో రూలు తిరగరాసి, 2022 నవంబరు నుంచి 0.15 చేశారు. పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. 0.3 అంటే టన్ను రొయ్యలో మిల్లీగ్రాములో మూడో వంతు కూడా లేదు. ఇదే మందు కంటి చుక్కల్లో 0.5 శాతం ఉంటుంది. ఒక్క చుక్కలో దగ్గర దగ్గర 250 మైక్రోగ్రాములు. లెక్క కట్టండి. ఒక చుక్కలో ఉన్న మందు కడుపులోకి పోవాలంటే 0.3 పీపీబీ రొయ్యలు ఎనిమిది వందల కేజీల పైన తినాలి. ఏ అల్లుడు తింటాడండీ అన్ని?

0.2 దగ్గర ఎవరైనా పోయారని హద్దు తగ్గించారా? లేదు. మిషన్ చూపు పెరిగింది, హద్దు కిందికి దిగింది. దీన్ని సైన్సు అంటారా, సరుకు కొనకుండా ఉండటానికి వంక అంటారా?

పీతలబుట్ట
వంకేనండి. ధర పడ్డప్పుడల్లా వాళ్లకి ఆరోగ్యం గుర్తొస్తుంది.

ఎలీసా ప్లేటు
నేను చేసేది అవశేషాల పరీక్షలే, కాబట్టి కొంచెం చెప్పగలను. ఉప్పుటేరు గారి గుణకారం తప్పు కాదు. అయితే ఈ మందు విషయంలో ఆ గుణకారంతో ఏమీ తేలదు.

క్లోరాంఫెనికాల్ ఎముక మజ్జని రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. మొదటిది మోతాదుని బట్టి. మన కణాల్లో మైటోకాండ్రియా ప్రోటీను తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది, రక్తకణాలు తగ్గుతాయి, మందు ఆపితే మళ్లీ పుంజుకుంటాయి. మీ లెక్క దీనికి సరిపోతుంది, 0.3 పీపీబీకి ఇది రాదు. రెండోది అప్లాస్టిక్ ఎనీమియా, అంటే మజ్జ రక్తకణాలు తయారు చేయడమే మానేయడం. మందు వాడినవాళ్లలో ఇరవై నాలుగు వేల నుంచి నలభై వేల మందికి ఒకరికి వస్తుందని పుస్తకాల్లో ఉండే అంచనా. ఇది ఎక్కువ తిన్నవాడికే వస్తుందన్న నియమం లేదు. మందు ఆపేసిన వారాలకో నెలలకో బయటపడుతుంది, చాలామందిలో మజ్జ మళ్లీ కోలుకోదు. ఆ అణువుకున్న నైట్రో గుంపే కారణమని అనుమానం. ఆ గుంపు లేని దాని చుట్టం మందు ఫ్లోర్‌ఫెనికాల్‌కి ఈ జబ్బు అంటగట్టలేకపోయారు, అందుకే అమెరికాలో చేపలకి దాన్ని అనుమతించారు.

డబ్ల్యూహెచ్‌వో, ఎఫ్‌ఏవో కలిసి వేసిన నిపుణుల కమిటీ ఈ మందుకి రోజుకింత పర్వాలేదు అనే అంకె ఇవ్వలేకపోయింది. అంకె లేనప్పుడు ల్యాబులన్నీ నమ్మకంగా ఎంత కిందికి చూడగలవో అదే హద్దు అయింది. కాబట్టి మీరన్నది నిజమే, అది మిషన్ అంకె. అది దాటకపోతే క్షేమం అని హామీ ఇచ్చే అంకె కాదది.

గోదారి గట్టు
మా అమ్మకి టైఫాయిడ్ వచ్చి పోతుందనుకున్నప్పుడు డాక్టరుగారు రాసింది క్లోరోమైసిటిన్. అంటే ఇదే. అది విషమైతే ఈ పోస్టు రాయడానికి నేను పుట్టేవాణ్ణే కాదు. ఇప్పటి పిల్లలకి ప్రతిదీ విషమే.

మాత్రల డబ్బా
గట్టు గారూ, అప్పట్లో టైఫాయిడ్‌కి అంతకన్నా మంచి మందు లేదు, నిజమే. 1972లో కోజికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ పుట్టింది, ఆ తర్వాత కథ మారింది. ప్రాణం మీదికొస్తే డాక్టరు రాసేదానికీ, రొయ్య వేపుడులో తెలియకుండా తినేదానికీ పోలికేంటండీ?

ఉప్పుటేరు
ఎలీసా గారూ, బాగా రాశారు, కాదనను. కానీ కంటి చుక్కల సంగతి దాటేశారు. ఎంత తిన్నా ఒకటే ప్రమాదమైతే కంట్లో వేసిన చుక్క కూడా ప్రమాదమే కదా? అది గొంతులోకి దిగుతుంది, చేదు తెలుస్తుంది, మీరూ వేసుకునే ఉంటారు. మరి దాన్ని ఎందుకు అమ్మనిస్తున్నారు? దీనికి జవాబు చెప్పాక మిగతావి మాట్లాడదాం.

ఇంకోటి. 2010లో నెదర్లాండ్స్ వాళ్లు గడ్డిలో, మూలికల్లో క్లోరాంఫెనికాల్ కనుక్కున్నారు. ఎవరూ చల్లలేదు. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి దానంతటదే తయారు చేస్తుంది. అసలా మందు పుట్టిందే 1947లో వెనిజువెలా మట్టిలోంచి. 2011లో బెల్జియం వాళ్లు నీలకంఠ రొయ్య మీద పనిచేసి, పెంకులో సెమికార్బజైడ్ సహజంగానే ఉండొచ్చన్నారు. దాన్నే నైట్రోఫ్యూరజోన్ అనే ఇంకో నిషేధిత మందు వాడారనడానికి రుజువుగా చూపించి అంతకుముందు ఎంత సరుకు తిప్పి పంపారో! ఆ రైతుల డబ్బు ఎవరిచ్చారు?

ఎలీసా ప్లేటు
కంటి చుక్కల గురించి: ఒకటీ అరా కేసులు నమోదయ్యాయి, చుక్కల వల్లేనా కాదా అని ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. ఆ వాదనకి భయపడి కొన్ని దేశాల డాక్టర్లు రాయడం తగ్గించారు. అయినా చీటీ రాసేది డాక్టరు, వేసుకునేవాడికి తెలుసు, అవసరం తీరితే ఆపేస్తాడు. రొయ్య తినేవాడికి ఆ చీటీ ఎవరు రాశారు?

సెమికార్బజైడ్ విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ అది వేరే మందు సంగతి, అదీ పెంకులో. పెంకు వలిచిన మాంసం తీసి చూస్తే ఆ తికమక చాలావరకు పోతుంది. అదే నైట్రోఫ్యూరాన్ జాతి మందు ఫ్యూరజోలిడోన్‌కి ఆ సాకు కూడా లేదు. దాని ముక్క ఏఓజెడ్ మాంసంలో ప్రోటీనుకి అతుక్కుని ఉంటుంది, పులుసు ఎంత మరిగించినా పోదు. గడ్డిలో దొరికిందని మీ చెరువులోనూ అలాగే వచ్చిందనుకోవడానికి లేదు. మట్టి, నీళ్లు, మేత విడివిడిగా పరీక్షించి చూపిస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

ఒక్క మాట మీ తరఫున కూడా చెప్తాను. ఎలీసా పరీక్ష జల్లెడ లాంటిది. అనుమానం ఉన్నదాన్ని పట్టిస్తుంది, తీర్పు చెప్పదు. తీర్పుకి అణువు బరువు చూసి ఫలానా మందేనని తేల్చే ఎల్‌సీ ఎంఎస్ ఎంఎస్ మిషన్ కావాలి. మీరు రెండో పరీక్ష అడిగారా?

ఎంటీయూ 7029
రొయ్యల డాక్టర్లందరికీ దండం. మీ 0.3 పీపీబీ అక్కడ పెట్టండి. మా పొలానికి మూడు పక్కలా చెరువులు తవ్వారు. ఊరిన ఉప్పుకి స్వర్ణ వరి నాటితే దుబ్బు కట్టడం లేదు, ఆకు కొసలు ఎర్రగా మాడుతున్నాయి. బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. దీనికి ఏ దేశం వాడు హద్దు పెట్టాడు? మా సరుకు తిప్పి పంపేవాడు కూడా లేడు, అసలు పండితే కదా.

పీతలబుట్ట
ఇది రొయ్యల చర్చండి బాబూ. ఉప్పు సంగతి ఇంకోచోట ఎత్తండి.

ఎంటీయూ 7029
నీళ్లకి ఆ తేడా తెలియదు.

ఉప్పుటేరు
రెండో పరీక్ష అడిగారా అంటున్నారు. ఎలీసా గారూ, చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి, కరెంటు బిల్లు పెరుగుతోంది, పక్క చెరువులో తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చిందని పొద్దున్నే వార్త. ఆ పరిస్థితిలో శాంపిల్ ఇంకో ఊరు పంపి జవాబు కోసం కూర్చోమంటారా? నెల తిరిగేసరికి జీతం పడేవాళ్లు ఎన్నయినా చెప్తారు. గట్టు మీద రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని నీళ్లలో ఆక్సిజన్ చూసేవాడికి తెలుస్తుంది పీపీబీ అంటే ఏంటో.

ఎలీసా ప్లేటు
నా జీతం జోలికి రావడం దేనికండీ? మీ చెరువులోకి మందు నా జీతంలోంచి వచ్చిందా? చెరువులో వేసినవాళ్లు వేశారు, పట్టుకున్నవాళ్లం శత్రువులమయ్యాం. మందు వేయకపోతే నూటికి తొంభై సార్లు పరీక్ష పోదు. వేయలేదని ఒక్కసారి రాయండి చూద్దాం. ఇంత పొడుగు రాశారు గానీ ఆ మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

ఉప్పుటేరు
నేను యాంటీబయాటిక్ కొనలేదు. నా మేత పుస్తకం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

సీడ్ వేసిన రెండో నెలలో తెల్ల పేగు కనిపించింది. చెక్ ట్రేలో తెల్లటి దారాల్లాంటి పెంట. మేత డీలరు దగ్గర తిరిగే టెక్నీషియన్ కుర్రాడు వచ్చి, రొయ్యని గోటితో చీల్చి, పేగు చూసి, తెల్ల సంచి ఒకటి ఇచ్చాడు. ముందు వైపు గట్ ప్రోబయోటిక్ అని పెద్ద అక్షరాలు. వెనక ఏమేమి కలిపారో ఒక్క ముక్క లేదు. మేతకి బైండరు, అంటే పొడి అతుక్కునే జిగురు, పట్టించి, ఆ పొడి కలిపి, నీడలో పట్టా మీద ఆరబెట్టి వేశాం. వారంలో రొయ్య తిప్పుకుంది. ప్రోబయోటిక్ అంత తొందరగా పనిచేస్తుందా అని మా అబ్బాయి అప్పుడే అన్నాడు. పనిచేసింది కదా అని నేను ఊరుకున్నాను. ఎవరైనా ఊరుకుంటారు.

మేత ఆ డీలరు దగ్గరే అప్పు. మందూ అక్కడే అప్పు. సరుకు కొనే ఏజెంటు ఆయన బావమరిది. పరీక్ష పోతే ధర కోసేదీ ఆ ఏజెంటే. ఇప్పుడు చెప్పండి, మందు వేసింది ఎవరు?

మాత్రల డబ్బా
తెల్ల పేగు ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వల్ల వచ్చిందైతే ఏ యాంటీబయాటికూ పనిచేయదు, అది బ్యాక్టీరియా జాతి కాదు. వారంలో తిప్పుకుందంటే విబ్రియో అనే బ్యాక్టీరియా అయినా అయి ఉండాలి, దానంతటది తగ్గినా తగ్గి ఉండాలి.

అమలాపురం కోడలు
ఇందాకట్నుంచి చదువుతున్నాను. మొదటి పోస్టులో "సరుకు ఏదోలా వదిలించుకున్నాం" అన్నారు. ఎక్కడికి వదిలించుకున్నారండీ?

ఉప్పుటేరు
లోకల్‌కి.

అమలాపురం కోడలు
అదే అనుకున్నాను. ఆదివారం ఆదివారం మా ఇంట్లో రొయ్యలు. మా పాప ఇగురు తప్ప ఇంకోటి ముట్టదు. బ్రస్సెల్స్‌లో ఎవరో తినకూడదని పరీక్ష చేస్తే, పోయిన సరుకు ఐసు పెట్టెలో మా సంతకి వస్తుందన్నమాట. మన దేశపు ఆహార నిబంధనల్లో కూడా ఈ మందు నిషేధమే. అక్కడ చూసేవాడున్నాడు, ఇక్కడ లేడు, అంతే తేడా.

ఉప్పుటేరు
అమ్మా, ఆవేశపడకండి. మళ్లీ చెప్తున్నాను, ఎనిమిది వందల కేజీలు తింటే గానీ ఒక కంటి చుక్క అవదు. మీ పాపకి ఏమీ కాదు.

అమలాపురం కోడలు
ఏమీ కాదనుకుంటే బండి మీద బోర్డు పెట్టి అమ్మండి. "పరీక్ష పోయిన రొయ్య, 0.3 పీపీబీ, భయం లేదు" అని. నేనే కొంటాను. బోర్డు పెట్టరు కదా. మీ లెక్క మీకు అంత నమ్మకమైతే కొనేవాళ్ల దగ్గర దాచడం దేనికి?

పీతలబుట్ట
అందరూ అక్కడికే పంపుతారండి, ఆయనొక్కరే కాదు. టన్నుల సరుకు గోతిలో పూడుస్తారా ఎవరైనా?

ఎలీసా ప్లేటు
ఉప్పుటేరు గారూ, ఇంతసేపూ మనం అంకె గురించి కొట్టుకున్నాం. మీ కోపం అంకె మీద కాదని నాకిప్పుడు అర్థమవుతోంది. సంచి అమ్మినవాడికి నష్టం లేదు, ఏజెంటు ధర కోసి లాభపడ్డాడు, పరీక్ష పోయిన కాగితం మాత్రం మీ పేరు మీద ఉంది. అది అన్యాయమే. కానీ ఆ నష్టాన్ని మీరు చెప్పాపెట్టకుండా కోడలు గారి ఇంటికి బదిలీ చేశారు. ఆవిడకి సంచీ తెలియదు, డీలరూ తెలియడు.

ఉప్పుటేరు
బదిలీ చేయకపోతే లీజు డబ్బు ఎవరు కడతారు? మీరా, ఆవిడా? పరీక్ష పెట్టాల్సింది చెరువు దగ్గర కాదు, దుకాణం దగ్గర. రొయ్యని పట్టుకుని నన్ను దొంగని చేసే బదులు ఆ సంచి చింపి చూడమనండి. అది చెయ్యరు. దుకాణాలు ఎవరివో అందరికీ తెలుసు.

ఎలీసా ప్లేటు
2025 మార్చిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. తినడానికి పెంచే జంతువుల కోసం క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. కాబట్టి సంచి అమ్మినవాడి మీదికి వెళ్లడానికి దారి ఉంది. కాకపోతే సీలు తీయని సంచి కావాలి, దానికి బిల్లు కావాలి. రొయ్య మాంసానికి వాడే కిట్టుతో పొడిని చూస్తే లాభం లేదు, పొడిలో మిగతా సరుకు ఏముందో దాన్ని బట్టి తప్పుడు జవాబు రావొచ్చు. పెద్ద మిషన్‌కే పంపాలి.

ఉప్పుటేరు
బిల్లా! చీటీ మీద "మందు" అని రాసి కింద అంకె వేస్తాడు. పైన దుకాణం పేరు కూడా ఉండదు.

మాత్రల డబ్బా
అప్పు తీసుకున్నప్పుడైనా పుస్తకంలో మీ చేత సంతకం పెట్టించుకుని ఉంటాడు కదా. ఆ పేజీ ఫోటో ఉందా? తేదీ ఉంటే ఎంతో కొంత ఆధారం.

ఉప్పుటేరు
అడిగితే ఈ సీజను మేత ఆగిపోతుంది. సీడ్ వేసి ఉన్నాను.

అమలాపురం కోడలు
అంటే ఈ పంటకి కూడా ఆ డీలరేనా?

ఎంటీయూ 7029
నన్ను బయటికి పొమ్మన్నారు గానీ ఒక్కటి అడిగి పోతాను. ఆ పొడి వేసిన చెరువు పట్టుబడయ్యాక నీళ్లు ఏ కాలవలోకి వదిలారు?

ఉప్పుటేరు
మురుగు కాలవలోకే. అందరూ వదిలేది అందులోకే.